సాంబ్రాణి పొగ, ఓబులేసు కంప్యూటర్

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే ఓబులేసు అనే పనిమంతుడు ఉండేవాడు, కానీ ఇంట్లో ఏ వస్తువు చెడినా ఆ వస్తువు వంక చూడకముందే మనుషుల ముఖాల వంక చూసేవాడు.

“ఎవురు చేసిన పని ఇది?” అనేవాడు.

కుళాయి కారితే అదే ప్రశ్న. గోడగడియారం ఆగితే అదే ప్రశ్న. ఒకసారి గాలివానకు కిటికీ అద్దం పగిలినా అదే ప్రశ్న వేశాడు.

“వాయుదేవుడు చేసినాడు. పిలిచి నాలుగు తిట్టు,” అంది అతని తల్లి తిప్పమ్మ.

భార్య శివలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఓబులేసు నవ్వలేదు. గడియ ఎవరు పెట్టలేదో తేల్చాలని ఆ పూటంతా ఇల్లు పీకి పందిరేశాడు. గాజు ముక్కలు మాత్రం శివలీలే ఏరిపోసింది.

ఇన్ని వస్తువుల్లోనూ ఓబులేసుకు ప్రాణమైనది అతని కంప్యూటర్. దాన్ని కొట్లో కొన్న కంప్యూటర్ అనుకునేరు! ఒక్కొక్క భాగం తెచ్చుకుని, చాపమీద పరుచుకుని, తన చేతులతో తానే బిగించుకున్నాడు. ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్ళు ఇవ్వకముందే దాన్ని చూపించేవాడు. ఎండాకాలంలో దానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొత్తగా తగిలించాడు. దాంతో చీర నేయకముందే చీర మొత్తం, అంచూ కొంగూ సహా, తెరమీద మెరిసేది. మిగతా భాగాలన్నీ పాతవే ఉంచాడు. భాగాలన్నిటికీ కరెంటు పంచి ఇచ్చే ఇనప్పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని పవర్ సప్లై అంటారు. అదీ పాతదే. దాని ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి ఓబులేసు దాని గురించి ఆలోచించలేదు.

వాళ్ళ ఎదురింట్లో రామాంజులు అనే నేతగాడు ఉండేవాడు. తిప్పమ్మను అక్కా అని పిలిచేవాడు, అందుకని ఓబులేసుకు మామ. చేతిమగ్గం మీద పట్టు నేయడంలో ఆ వీధిలో అతనికి సాటి లేదు. కానీ మరమగ్గాలు వచ్చాక అతని చీరలకు గిరాకీ పడిపోయింది. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా రమ్మని బావమరిది పిలుస్తున్నాడు. వెళ్ళడానికి రామాంజులుకు కాళ్ళు రావడం లేదు.

ఒకరోజు అతను ఓబులేసు ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుని తన మనసులో మాట చెప్పాడు.

“అల్లుడా, అందురూ అంచుల్లో నెమళ్ళే పెడతారు, మామిడి పిందెలే పెడతారు. మన చేన్లో పండే చెనిక్కాయ ఏం పాపం చేసింది? పైన ఆకు, నడుమ పచ్చని పువ్వు, కింద కాయలు వేలాడేటట్ల అంచు గీసి ఇయ్యి. నేను జరీతో నేస్తా.”

వేరుశనగ అంచు అనగానే ఓబులేసు కళ్ళు మెరిశాయి. “మామా, ఎంత బాగా చెప్పినావు! ఇట్లాంటిది ఎవురూ చేసుండరు.”

బెంగళూరులో చీరల దుకాణం నడిపే ఒకావిడకు రామాంజులు ఈ మాట ఫోన్లో చెప్పాడు. ఆవిడకూ నచ్చింది. దీపావళి లోపల అంచు నేసిన గజం ముక్క తెచ్చి చూపించమంది. బాగుంటే ఏడాది పొడుగునా పని ఇస్తానంది. లేకపోతే ఇంక ఆ మాట వద్దంది.

“ఇదొక్కటి కుదిరితే ఇక్కడే ఉండిపోతాను. కుదరకపోతే మగ్గం విప్పేసి, దాని కింది గుంట పూడ్చేసి, బెంగళూరు బస్సెక్కుతాను,” అన్నాడు రామాంజులు. అప్పటికి అతని మగ్గం మీద ఉన్నది ఆఖరి పడుగు, అంటే నిలువు దారాల వరస. అది అయిపోతే మళ్ళీ ఎక్కించుకోవడానికి అతని దగ్గర పట్టు లేదు.

ఓబులేసు పని మొదలుపెట్టాడు. గళ్ళ మీద గళ్ళు నింపుతూ చెనిక్కాయ తీగ గీశాడు. డిజైన్ పూర్తయ్యాక కంప్యూటర్ దాన్నంతా లెక్కగట్టి అట్టలుగా మార్చాలి. ఆ అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం పైనున్న జాకార్డుకు తగిలిస్తారు. రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అలా చీరమీద బొమ్మ పడుతుంది. ఆ లెక్కగట్టే పనే కంప్యూటర్‌కు అన్నిటికన్నా బరువైన పని. పైగా ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను అమ్మినవాళ్ళు ఈ ఒక్క కంప్యూటర్‌కే తాళం వేసి ఇచ్చారు. ఇంకొకరి దగ్గర నడవదు.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ధర్మవరంలో మగ్గాలకు పూజ చేస్తారని మీకు తెలుసు కదా. తిప్పమ్మ ఆ రోజు కొడుకు కంప్యూటర్‌కు కూడా విభూతి రేఖలు దిద్దింది. కుంకుమ బొట్టు పెట్టింది. ముందర ఒక నిమ్మకాయ కోసి పెట్టింది. నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గదంతా పొగ పట్టి, “మా అబ్బి కడుపు నింపే తల్లీ, సల్లగా ఉండు,” అని రెండు చేతులూ జోడించింది.

పండగ వెళ్ళిన మర్నాడు ఓబులేసు డిజైన్ పూర్తిచేశాడు. “అట్టలు తయారుచెయ్యి” అనే మీట నొక్కాడు. ఫ్యాన్లు గట్టిగా తిరిగాయి. తెరమీద సగం చీర కనిపించింది. టక్కుమంది. తెర నల్లబడింది. ఫ్యాన్లు ఆగిపోయాయి.

ఓబులేసు కంప్యూటర్ వంక చూడలేదు. గుమ్మం వంక చూశాడు.

“ఎవురు చేసిన పని ఇది?”

గుమ్మంలో తిప్పమ్మ వక్కాకు నములుతూ నిలబడి ఉంది. పెట్టెమీద విభూతి రేఖలు ఇంకా చెరిగిపోలేదు. ఓబులేసుకు దొంగ దొరికిపోయినట్టే అనిపించింది.

“నువ్వేనా అమ్మా! సాంబ్రాణి పొగంతా లోపలికి పోయింది. విభూతి రాలి ఫ్యాన్లలో పడింది. దీని ముందర నిప్పులు పెట్టమని నీకు ఎవురు చెప్పినారు?”

“పండగనాడు అన్నం పెట్టే వస్తువుకు దండం పెట్టుకుంటే తప్పా నాయనా?”

“తప్పే! ఇంకోసారి ఈ గదిలో కాలు పెట్టొద్దు.”

తిప్పమ్మ నోట్లో వక్కాకు నమలడం ఆపేసింది. లోపలికి వెళ్ళిపోయింది. ఓబులేసు పెట్టె విప్పి చూశాడు. లోపల చిటికెడు విభూతి కూడా లేదు. అయినా చేసిన తప్పు తల్లిదేనని అతను మనసులో రాసేసుకున్నాడు కాబట్టి, లేని విభూతిని బ్రష్షుతో తుడిచాడు.

మర్నాటి నుంచి తిప్పమ్మ మధ్యాహ్నం అన్నం తినగానే రామాంజులు ఇంటికి వెళ్ళి, నేతకు కావలసిన దారం కండెలకు చుడుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. పొద్దుగూకే వేళకి గానీ తిరిగొచ్చేది కాదు. కొడుకు ఎదురుపడితే పక్కకు తప్పుకునేది.

కంప్యూటర్ మళ్ళీ లేచింది. ఓబులేసు మళ్ళీ మీట నొక్కాడు. మళ్ళీ టక్కుమంది. సరిగ్గా అప్పుడే వంటింట్లో శివలీల మిక్సీ వేసింది.

“ఎవురు చేసిన పని ఇది?” అని వంటింట్లోకి పరుగెత్తాడు.

“చెనిక్కాయల చట్నీ. నేనే చేస్తాండాను. ఉప్పు చూస్తారా?” అంది శివలీల.

“నీ మిక్సీ కరెంటంతా లాగేస్తాంది. అందుకే నా కంప్యూటర్ ఆరిపోతాంది. ఇంక మిక్సీ ముట్టుకోవద్దు!”

శివలీల రోలు కడిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో చట్నీ రోట్లోనే. చట్నీ రుచి పెరిగింది గానీ, కంప్యూటర్ బుద్ధి మారలేదు. మిక్సీ అటక ఎక్కాక కూడా మీట నొక్కగానే ఆరిపోయింది.

“అన్నింటికీ కరెంటు ఇచ్చే పెట్టె ఒకటుందంటిరే, అది చూసినారా?” అంది శివలీల రోకలి పక్కన పెట్టి.

“నాకు తెలీదనుకుంటివా? ఇప్పుడే చూస్తా, నువ్వూ చూడు.”

పవర్ సప్లై వైర్లన్నీ ఊడదీశాడు. దాన్ని ఒక్కదాన్నే బయట పెట్టి, రెండు మొనలను చిన్న తీగతో కలిపి, స్విచ్చి వేశాడు. దాని ఫ్యాను గిర్రున తిరిగింది.

“చూసినావా? నిక్షేపంగా ఉంది. దీన్ని నేను ఎంచి తెచ్చినా. దీనికేం రోగం?” అన్నాడు ఓబులేసు. మళ్ళీ అన్నీ తగిలించేశాడు.

అప్పుడే రామాంజులు వచ్చాడు పాపం, పని ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని. అతన్ని చూడగానే ఓబులేసుకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. చేన్లో చెనిక్కాయ చెట్టును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి ఇచ్చింది ఈ మామే కదా!

“నీ పెన్‌డ్రైవ్ వల్లనే మామా ఇదంతా. దాంట్లో వైరస్ ఉంది. యాడ దొరికింది నీకు ఆ దరిద్రం?”

రామాంజులు ముఖం చిన్నబోయింది. అతనికి కంప్యూటర్ సంగతులు తెలియవు. తన చీరను తానే చెడగొట్టుకున్నానని నిజంగానే నమ్మేశాడు. పెన్‌డ్రైవ్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“నాకు తెలీక ఇచ్చినాను అల్లుడా. నా రాత అట్లుంది, నిన్ననుకోవడం ఏంటికి? పడుగు అయిపోవచ్చింది. కోసినాక మగ్గం విప్పేస్తాను. నువ్వు ఇబ్బంది పడొద్దు.”

అంతే. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

ఓబులేసు పట్టుదలగా కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి, డిజైన్ ఒక్కటీ దాచుకుని, అన్నీ మళ్ళీ కొత్తగా ఎక్కించాడు. దానికే బోలెడు సమయం పట్టింది. వీధిలో పిల్లలు అప్పుడే తాటాకు టపాకాయలు పేలుస్తున్నారు. దీపావళి దగ్గర పడింది. అన్నీ అయ్యాక, దేవుడికి దండం పెట్టి, మీట నొక్కాడు.

టక్!

ఈసారి తెర నల్లబడటమే కాదు, మళ్ళీ వేస్తే ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. ఓబులేసు అలవాటు ప్రకారం “ఎవురు చేసిన...” అంటూ వెనక్కి తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. అమ్మ ఎదురింట్లో ఉంది. శివలీల పెరట్లో రోలు దగ్గర ఉంది. మామ పెన్‌డ్రైవ్ మామ జేబులో ఉంది. నేరం మోపడానికి అతనికి మనుషులు అయిపోయారు. కంప్యూటర్ మాత్రం చెడిపోయినట్టే ఉంది.

అతనికి మొదటిసారి భయం వేసింది. నా వల్ల కాదు, ఇంకెవరి చేతనైనా గీయించుకో అని రామాంజులుతో చెప్పేద్దామని, చెప్పులు వేసుకుని వీధి దాటాడు. ఇంత తక్కువ సమయంలో ఇంకెవరూ గీయలేరని అతనికి తెలుసు.

రామాంజులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నేయడం ఆపేసి, అంచును వేళ్ళతో తడుముతున్నాడు. పక్కన రాట్నం ముందు తిప్పమ్మ కండె చుడుతోంది. కొడుకును చూసి తల తిప్పుకుంది.

“ఏమైంది మామా?” అన్నాడు ఓబులేసు.

“ఆఖరి పడుగు కూడా సతాయిస్తాంది. అంచులో గీత పడుతోంది. జరీ పువ్వు నడుమ సన్నగా చీలినట్ల.”

ఓబులేసు చెప్పదలచుకున్న మాట మర్చిపోయాడు. అతను పుట్టింది తండ్రి మగ్గం పక్కన, పెరిగింది మగ్గం పక్కన. అలవాటుగా గుంట అంచున గొంతుకూర్చుని, నేసిన గుడ్డ మీద చెయ్యి వేశాడు.

“ఈ గీత పువ్వుకొక చోట పడుతోందా, పొడుగునా ఒకే దారం మీద పోతోందా? పువ్వుకొక చోటైతే తప్పు అట్టలో ఉన్నట్ల. ఇది చూడు, పొడుగునా పోతాంది. అంటే అట్టలు బాగున్నాయి. వాటి జోలికి పోవద్దు.”

“ఇంక దారమో, దాన్ని లేపే పైన కొక్కెమో అయుండాల,” అన్నాడు రామాంజులు.

“రెండూ ఒకసారే మార్చొద్దు మామా. ఒక్కటే మార్చి చూద్దాం.”

ఆ దారాన్ని జాకార్డులో బాగా లేస్తున్న పక్క కొక్కేనికి మార్చి కట్టాడు. రామాంజులు అడ్డదారం మోసే నాడె విసిరాడు. నాలుగు వరసలు నేశాడు. గీత మాయమైంది.

“కొక్కెంలోనే ఉంది తప్పు!” అన్నాడు ఓబులేసు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఆ కొక్కేన్ని వేలితో లేపి చూశాడు. చక్కగా లేచింది. అతనికి ఆశ్చర్యమేసింది. ఈసారి దానికి దారాల బరువు తగిలించి లేపాడు. సగం లేచి, మొన ఒంగి, జారిపోయింది.

“అదీ సంగతి. ఖాళీగా లేపితే బాగుంది మామా. బరువు పడితేనే జారిపోతోంది.”

తిప్పమ్మ రాట్నం ఆపింది. ఇన్నాళ్ళ తర్వాత కొడుకు ముఖంలోకి సూటిగా చూసింది.

“ఏమిరా ఓబులేసూ, ఇంతసేపూ కొక్కెం ఎవురు వంచినారని ఒక్కసారైనా అడగలేదే?”

నిచ్చెన మీద ఓబులేసు కొక్కేన్ని వదిలేసి తల్లి వైపు తిరిగాడు.

“మగ్గానికైతే తప్పు యాడుందని వెదుకుతావు. మీ నాయన దగ్గర నేర్చుకున్నావు, బాగా నేర్చుకున్నావు. ఇంట్లోకొస్తే ఎవురు, ఎవురు, ఎవురు! నేను పెట్టిన సాంబ్రాణి కన్నా నీ నోటి పొగే ఎక్కువప్పా.”

రామాంజులు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఓబులేసు మాత్రం నిచ్చెన దిగి తల్లి ముందు చతికిలబడ్డాడు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

“తప్పయిపోయింది అమ్మా. పండగనాడు నువ్వు దండం పెడితే నేను అట్లనకూడదు. మామా, నీ పెన్‌డ్రైవ్‌ను చూడకుండానే నిందించినాను. నన్ను క్షమించు.”

“సరేలే. ఇంటికి పోయి మగ్గం దగ్గర చూసినట్ల చూడు,” అంది తిప్పమ్మ. మళ్ళీ రాట్నం తిప్పసాగింది. ఆమె పెదవి చివర నవ్వు కనిపించింది.

ఓబులేసు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఖాళీగా లేపితే బాగుంది, బరువు పడితే జారిపోతోంది. తను అన్న మాటే తన చెవిలో మోగింది. పవర్ సప్లైను ఒంటరిగా బయట పెట్టి, ఫ్యాను తిరగగానే బాగుందనుకున్నాడు కదా! దానిమీద బరువు పెట్టి చూశాడా?

వీధి ఒక్క ఉరుకులో దాటాడు.

ఈసారి అతను ఏ ముఖమూ చూడలేదు. కంప్యూటర్‌ను కాసేపు చల్లబడనిచ్చి, గోడకున్న వేరే ప్లగ్గులో పెట్టి చూశాడు. మీట నొక్కితే ఆరిపోయింది. అంటే గోడలో కరెంటు తప్పు కాదు. తర్వాత కొత్త గ్రాఫిక్స్ కార్డు ఒక్కటీ ఊడదీసి, మిగతావి అలాగే ఉంచి వేశాడు. చీర మొత్తం కనపడలేదు, లెక్క కూడా దీపావళి దాటినా తెమలనంత నత్తనడక నడిచింది. కానీ ఎంతసేపైనా ఆరిపోలేదు. బరువు తగ్గితే నిలబడుతోందన్నమాట. అయితే తప్పు కార్డుదా, కార్డుకు కరెంటు ఇచ్చేదానిదా?

కార్డు మళ్ళీ తగిలించాడు. కరెంటు కొలిచే మీటరు తెచ్చి, దాని మొనలను పవర్ సప్లై నుంచి వచ్చే పసుపు వైరుకూ నల్ల వైరుకూ ఆనించాడు. అక్కడ పన్నెండు వోల్టులు ఉండాలి.

“శివలీలా, కొంచెం ఇట్ల రా. నేను దీన్ని పట్టుకుంటా. నువ్వు ఆ మీట నొక్కి, అంకె ఎంతుందో చెప్పు.”

శివలీల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నేనే ఆర్పేసినానని మళ్ళీ నామీద పడరు కదా?”

“పడను. ఒట్టు.”

శివలీల మీట నొక్కి మీటరు చూసింది. “పన్నెండు ఉంది... పదకొండున్నర అయింది... ఇంకా పడిపోతాంది... పదకొండు కూడా లేదు!”

టక్! తెర నల్లబడింది. ఇన్నాళ్ళలో మొదటిసారి, కంప్యూటర్ ఆరిపోతే ఓబులేసు సంతోషంతో గెంతాడు.

“దొరికింది! తప్పు యాడుందో దొరికింది!”

టార్చిలైటు వేసి పవర్ సప్లై జాలీలోంచి చూశాడు. లోపల నిటారుగా ఉండే చిన్న చిన్న డబ్బాల్లో రెండిటి తలలు ఉబ్బి ఉన్నాయి. పెట్టె దగ్గర ముక్కు పెడితే మాడు వాసన వచ్చింది. ఆ పెట్టెను విప్పే పిచ్చి పని మాత్రం అతను చేయలేదు. కరెంటు తీసేసినా దాని లోపల కొంత దాగి ఉండి, ముట్టుకుంటే ప్రాణం మీదికి తెస్తుంది.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు హిదాయత్‌ను అడిగి, బాగా పనిచేస్తున్న పెద్ద పవర్ సప్లై ఒకటి తెచ్చాడు. మిగతా ఏ భాగాన్నీ ముట్టకుండా అదొక్కటే మార్చాడు. మీట నొక్కాడు. ఫ్యాన్లు హోరుమన్నాయి. తెరమీద చీర పావు కనిపించింది, సగం కనిపించింది, మొత్తం కనిపించింది. పచ్చని పువ్వులు, కింద వేలాడే బంగారు కాయలు. కంప్యూటర్ ఆరిపోలేదు.

ఇంకెవరైనా అయితే అక్కడితో చేతులు దులుపుకుంటారు. ఓబులేసు దులుపుకోలేదు. కంప్యూటర్ ఆపి, పాత పవర్ సప్లైను మళ్ళీ తగిలించాడు. మీట నొక్కితే టక్కుమంది. మంచిది పెట్టాడు. చక్కగా నడిచింది. అప్పుడు నమ్మాడు.

“అంత బాగా నడుస్తాంటే మళ్ళీ పాతది ఏంటికి పెట్టినారు?” అంది శివలీల.

“మీ అందరిమీదా ఇట్ల సరిచూసుకోకుండానే నింద వేసినాను. దానిమీద కూడా అట్లే వేస్తే ఎట్ల?” అన్నాడు ఓబులేసు.

శివలీల అటక మీంచి మిక్సీ దింపుకుంది. ఆ పూట ఆమె ముఖం కళకళలాడింది.

ఓబులేసు ఎదురింటికి వెళ్ళి తల్లినీ రామాంజులునూ పిలుచుకొచ్చాడు. తిప్పమ్మ గది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

“కాలు పెట్టొద్దన్నావు కదా నాయనా.”

ఓబులేసు ముందుకొచ్చాడు. తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తెరమీద చెనిక్కాయ తీగ పైనుంచి కిందిదాకా పాకి ఉంది. రామాంజులు తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వచ్చి, ఒక్కొక్క కాయనూ వేలితో తాకి చూశాడు. అతని కళ్ళు తడిసిపోయాయి.

“ఆకు సందులో పువ్వు కూడా పెట్టినావు అల్లుడా. మా చేనే,” అన్నాడు.

తిప్పమ్మ తెరను తృప్తిగా చూసి, “బాగైపాయనా?” అని అడిగింది.

ఓబులేసు తల దించుకున్నాడు. “బాగైంది అమ్మా. నీ సాంబ్రాణి కాదు, శివలీల మిక్సీ కాదు, మామ పెన్‌డ్రైవ్ కాదు. ఎండాకాలంలో కొత్త కార్డు తగిలించి, ఆ బరువు మొయ్యలేని పాత పవర్ సప్లైను అట్లే ఉంచేసింది నేను. ఇదంతా నేను చేసిన పనే.”

అందరూ తిడతారని ఎదురుచూశాడు. తిట్టినా పడదామని సిద్ధపడ్డాడు.

“ఎవురు చేసినారని నేనడిగితినా?” అంది తిప్పమ్మ. “బాగైందా అని అడిగినాను. అంతే.”

ఆ మాటకు ఓబులేసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నపిల్లాడిలా తల్లి ఒడిలో ముఖం దాచుకున్నాడు. ఆమె అతని తల నిమిరి, “ఇంక లెయ్యి, మామకు అట్టలు కొట్టించియ్యి,” అంది.

అట్టలు సిద్ధమయ్యాయి. రామాంజులు ఆఖరి పడుగులో మిగిలిన గజం మేర చెనిక్కాయ అంచు నేశాడు. దీపావళికి ముందే అది బెంగళూరు చేరింది. దుకాణం ఆవిడ ఆ ముక్కను వెలుగులోకి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూసి, పని ఇచ్చింది. బావమరిదికి రామాంజులు ఫోన్ చేసి, “నేను రాను, నువ్వే దీపావళికి ఇక్కడికి రా,” అని చెప్పాడు. కొత్త పడుగు వచ్చింది. మగ్గం గుంట పూడలేదు. ఆ వీధిలో మళ్ళీ పొద్దున్నే నాడె చప్పుడు వినిపించసాగింది.

మరుసటి ఏడాది ఆయుధపూజకు కంప్యూటర్‌కు సాంబ్రాణి వేసింది ఎవరనుకున్నారు? ఓబులేసే. కొంచెం దూరంగా నిలబడి వేశాడనుకోండి. పొగ ఎక్కువై తిప్పమ్మ దగ్గుతూ విసనకర్ర విసిరితే, అది తగిలి పక్కనున్న రాగిచెంబు కిందపడి గదంతా నీళ్ళయ్యాయి.

“ఎవు...” అన్నాడు ఓబులేసు.

అందరూ అతని వంక చూశారు. అతను నాలుక కరుచుకుని, “యాడుంది తుడిచే గుడ్డ?” అన్నాడు.

చెడినచోటు వెతికితే వస్తువు బాగుపడుతుంది, చెడగొట్టినవాణ్ణి వెతికితే ఉన్న మనుషులు కూడా దూరమవుతారు.